ఆంగ్ల సాహిత్యంలో సంభావనార్థక క్రియ

జరిగిన పనిని కాక కోరిన పనిని, ఊహించిన పనిని, జరిగి తీరాలని పట్టుబట్టిన పనిని, జరగకుండా పోయిన పనిని తెలిపే క్రియారూపం సంభావనార్థకం. ఇంగ్లిషు వ్యాకరణంలో దీన్ని సబ్జంక్టివ్ మూడ్ అంటారు. ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పే నిశ్చయార్థకం, చెయ్యమని చెప్పే విధ్యర్థకం దీనికి సాటి రూపాలు. ఈనాటి ఇంగ్లిషులో సంభావనార్థకానికి సొంతంగా మిగిలిన రూపాలు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే. అయినా షేక్‌స్పియర్ నుంచి ఇయన్ మెక్యూయన్ దాకా ఆంగ్ల సాహిత్యంలోని అతి తీవ్రమైన ఘట్టాలు కొన్ని వాటి ఆధారంగానే నడిచాయి. ఆ ఘట్టాలను పరిశీలిస్తే ఒక సంగతి మళ్లీ మళ్లీ ఎదురవుతుంది. ఊహగా మొదలైన మాట నిశ్చయంలోకి దాటే చోట, లేదా దాటలేక ఆగిపోయే చోట, ఈ క్రియారూపం బలం పూర్తిగా తెలుస్తుంది.

రూపాలు

నేటి భాషలో ఈ రూపాలు ముఖ్యంగా మూడు చోట్ల కనిపిస్తాయి. ఆజ్ఞ, సిఫారసు, పట్టుదల తెలిపే క్రియల తర్వాత వచ్చే ఉపవాక్యంలో ఏ ప్రత్యయమూ చేరని మూలక్రియ వస్తుంది: ‘హి గోస్’ అనవలసిన చోట ‘హి గో’, ‘షి ఈజ్’ అనవలసిన చోట ‘షి బి’. రెండో చోటు షరతులు, కోరికలు. అక్కడ ‘వాజ్’ స్థానంలో ‘వర్’ వస్తుంది. ‘ఇఫ్ ఐ వర్’ అనగానే ఆ మాట నిజం కాదని వినేవారికి తెలిసిపోతుంది. మూడో చోటు పాతకాలం నుంచి మారకుండా నిలిచిన పలుకుబళ్లు: ‘గాడ్ సేవ్ ద కింగ్’, ‘లాంగ్ లివ్’, ‘కమ్ వాట్ మే’. దేవుడు రాజును కాపాడుతున్నాడని ఇక్కడ ఎవరూ చెప్పడం లేదు, కాపాడు గాక అని కోరుతున్నారు. క్రియ చివర ‘ఎస్’ లేకపోవడం ఒక్కటే ఆ తేడాకు గుర్తు.

వీటి చుట్టూ ఇదే పని చేసే మరికొన్ని పద్ధతులున్నాయి. ‘వుడ్’, ‘షుడ్’, ‘మే’, ‘మైట్’ వంటి సహాయక క్రియలు వాడటం, భూతకాల రూపంతో వర్తమానంలో లేనిదాన్ని చెప్పడం, ‘ఇఫ్’ తీసేసి ‘హాడ్’, ‘వర్’, ‘కుడ్’ వంటి క్రియను కర్త కంటే ముందుకు తేవడం వీటిలో ముఖ్యమైనవి. ఇవన్నీ సంభావనార్థకాలేనని వ్యాకరణవేత్తలందరూ ఒప్పుకోరు. రోడ్నీ హడిల్‌స్టన్, జెఫ్రీ పుల్లమ్‌ల సంపాదకత్వంలో 2002లో వచ్చిన కేంబ్రిడ్జ్ వ్యాకరణం ‘వర్’ను కూడా వేరుచేసి అవాస్తవ రూపంగా లెక్కించింది, సబ్జంక్టివ్ అన్న పేరును ఒక ఉపవాక్య నిర్మాణానికే ఉంచింది. సాహిత్య విమర్శ అంత కచ్చితంగా గిరి గీయదు. చదివేవారి మనసులో జరిగే పని ఒకటే కాబట్టి అది వీటన్నిటినీ కలిపి చూస్తుంది. ఈ వ్యాసం అనుసరించేదీ ఆ పద్ధతినే.

భారతీయ వ్యాకరణ సంప్రదాయానికి ఈ భావన కొత్త కాదు. సంస్కృతంలో లృఙ్ లకారం ఎప్పుడు వస్తుందో చెబుతూ పాణిని ‘క్రియాతిపత్తి’ అన్నాడు: జరగవలసిన క్రియ జరగకుండా తప్పిపోవడం. ఇంగ్లిషులో ‘హాడ్’, ‘వుడ్ హావ్’ కలిసి చెప్పేది దీన్నే. వైదిక భాషలో మాత్రమే కనిపించే లేట్ లకారం ఇంగ్లిషువారి సబ్జంక్టివ్‌కు ఇంకా దగ్గరి చుట్టం. తెలుగులో ‘గాక’ కోరికను, శాపాన్ని రెంటినీ మోస్తుంది. షరతు విషయంలో మాత్రం తెలుగుకూ ఇంగ్లిషుకూ ఒక ముఖ్యమైన తేడా ఉంది. ‘డబ్బుంటే కొంటాను’, ‘డబ్బుంటే కొనేవాణ్ణి’ అనే రెండు వాక్యాల్లోనూ ‘డబ్బుంటే’ ఒకటే. డబ్బు లేదన్న సంగతి చివరి క్రియ దాకా వెళ్తేగాని బయటపడదు. ఇంగ్లిషులో అది షరతులోనే తేలిపోతుంది. కవితను ‘హాడ్’తోనో ‘వర్’తోనో మొదలుపెట్టిన కవి, రాబోయేదంతా లేనిదేనని మొదటి మాటతోనే చెప్పేస్తాడు. ఆ తర్వాత ఎంత వైభవం వర్ణించినా, అది అందదన్న ఎరుకతోనే పాఠకుడు చదువుతాడు.

రూపాలు తగ్గిన క్రమం

ప్రాచీన ఇంగ్లిషులో ప్రతి క్రియకూ సంభావనార్థకంలో వేరే ప్రత్యయాలుండేవి. కోరికకు, షరతుకు, ‘అయినప్పటికీ’ అనే అర్థానికి మాత్రమే కాక, ఇతరులు చెప్పిన మాటను తిరిగి చెప్పడానికి కూడా ఆ రూపం వాడేవారు. దీనికి మంచి ఉదాహరణ ఆల్ఫ్రెడ్ రాజు కాలంలో, అంటే 9వ శతాబ్దం చివర, ఒరోసియస్ చరిత్ర ఇంగ్లిషు అనువాదంలో చేర్చిన ఒహ్తెరె ప్రయాణ వృత్తాంతం. ఒహ్తెరె నార్వే ఉత్తర తీరం నుంచి వచ్చిన నావికుడు. తన దేశం ఉత్తరంగా చాలా దూరం సాగుతుందని అతను రాజుకు చెప్పిన మాటను లేఖకుడు సంభావనార్థకంలో రాశాడు. ఆ వెంటనే, అక్కడంతా నిర్జనమన్న సంగతికి వచ్చేసరికి నిశ్చయార్థకంలోకి మారాడు. విన్న మాట, స్థిరపడిన సంగతి అనే రెండు స్థాయిలు క్రియారూపంలోనే కనిపించేవి. సాక్ష్యానికి ఇంత సున్నితమైన కొలత తర్వాతి ఇంగ్లిషులో మళ్లీ కనిపించదు.

మధ్యయుగంలో పదాల చివరి అచ్చులు బలహీనపడి, బహువచనంలోని చివరి ‘న్’ రాలిపోయి, రెండు అర్థకాల మధ్య తేడా చాలా క్రియల్లో చెరిగిపోయింది. ఖాళీ అయిన చోటును సహాయక క్రియలు ఆక్రమించాయి. మిగతా క్రియలకన్నా రూపాలు ఎక్కువగా ఉన్నందున ‘బి’ అనే క్రియ ఒక్కటే తన ప్రత్యేకతను గట్టిగా నిలుపుకుంది. 16, 17 శతాబ్దాల రచయితలకు పాత రూపాలూ కొత్త సహాయక క్రియలూ రెండూ చేతికి అందాయి. షేక్‌స్పియర్ నాటకాలు, 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిలు, జాన్ డన్ కవితలు ఆ రెండింటినీ పక్కపక్కనే వాడాయి. సంభావనార్థకం సాహిత్యంలో అంత ధాటిగా పనిచేసిన కాలం అంతకు ముందూ లేదు, తర్వాతా లేదు.

ప్రార్థన, శాపం

సంభావనార్థకం అతి పాత నివాసం ప్రార్థన. క్రైస్తవుల పరలోక ప్రార్థనలో దేవుని నామం, రాజ్యం, చిత్తం గురించిన మొదటి మూడు విన్నపాలూ ఇంగ్లిషులో ఈ రూపంలోనే ఉన్నాయి. తెలుగు బైబిలు అనువాదకులు అక్కడ ‘గాక’ వాడారు. ఇంగ్లిషు మాట్లాడే సామాన్యులు తరతరాలుగా రోజూ పలికిన సంభావనార్థకాలు ఇవే. అందువల్ల ఈ రూపం వినబడగానే చెవికి కొంత పూజా గాంభీర్యం తగులుతుంది. డబ్ల్యూ.బి. యేట్స్ 1919లో కూతురి కోసం రాసిన ప్రార్థనా కవిత ఆ గాంభీర్యాన్ని వాడుకుంటూ ‘మే’తో కోరికలను ఒక్కొక్కటిగా పేరుస్తుంది. తుఫాను గాలి వీస్తుండగా ఉయ్యాలలో నిద్రపోయే బిడ్డ గురించిన మాటలు నిశ్చయార్థకంలో ఉంటాయి. ఆమె భవిష్యత్తు మాత్రం కోరికల్లోనే ఉంటుంది. తండ్రికి దాని మీద అధికారం లేదు.

శాపంలో ఈ రూపం మరో ముఖం చూపుతుంది. షేక్‌స్పియర్ ‘ది టెంపెస్ట్’లో కాలిబన్ రంగం మీదికి వస్తూనే ప్రాస్పెరోను శపిస్తాడు: విషపు మంచు మీ మీద కురియాలని, చెడ్డ గాలి మీ మీద వీచి ఒళ్లంతా పొక్కిపోవాలని. అవన్నీ ప్రత్యయం లేని మూలక్రియలు. అందుకు ప్రాస్పెరో తిరిగి శపించడు. ఈ రాత్రి నీకు ఒళ్లంతా నొప్పులు పట్టబోతున్నాయని ‘షాల్ట్’తో చెబుతాడు. బానిస మాట జరగాలన్న కోరికగా, యజమాని మాట జరగబోయే సంగతిగా వినిపిస్తాయి. ఆ ద్వీపంలో ఎవరు ఎవరికి లోబడి ఉన్నారో ఈ రెండు క్రియారూపాలు చెప్పినంత స్పష్టంగా మరేదీ చెప్పదు. తనకు నేర్పిన భాష వల్ల దక్కిన లాభం తిట్టడం తెలియడమేనని కాలిబన్ వాపోవడం వెనక ఈ అసమానతే ఉంది.

నాటకంలో ‘అనుకుందాం’

నాటకం అసలే ‘అనుకుందాం’ అన్న ఒప్పందం మీద నిలబడిన కళ. షేక్‌స్పియర్ ఆ ఒప్పందాన్ని పాత్రల మధ్యకు తెచ్చి దానితో హాస్యాన్నీ నడిపాడు, ఘోరాన్నీ నడిపాడు.

‘యాజ్ యు లైక్ ఇట్’లో రోజలిండ్ మగవేషం వేసుకుని, తనను రోజలిండ్ అనుకుని ప్రేమించమని ఒర్లాండోను కోరుతుంది. ‘ఇఫ్’ అన్న మాట తగవులను ఎలా చల్లారుస్తుందో విదూషకుడు టచ్‌స్టోన్ చివరి అంకంలో వివరిస్తాడు. నాటకం ముగిశాక రోజలిండ్ పాత్రధారి ముందుకొచ్చి, తానే ఆడదాన్నయితే ఏం చేసేదో ‘వర్’ వాడి ప్రేక్షకులకు చెప్పడం మరీ గొప్పగా ఉంటుంది. ఆనాటి రంగస్థలం మీద స్త్రీ పాత్రలు వేసింది అబ్బాయిలే. రెండు గంటలు నిలబెట్టిన భ్రమను ఆ ఒక్క ‘వర్’ విప్పేస్తుంది.

‘మెజర్ ఫర్ మెజర్’ రెండో అంకంలోని సంభాషణ ఇందుకు పూర్తిగా విరుద్ధమైనది. సంభావనార్థకానికి ఆంగ్ల నాటకంలో ఇంతకన్నా భయంకరమైన ఉపయోగం చూపడం కష్టం. మరణశిక్ష పడిన తమ్ముడి ప్రాణాల కోసం ఇజబెల్లా పాలకుడు ఏంజెలో దగ్గరికి వస్తుంది. అతను ఆమె శరీరాన్ని బేరంగా అడగదలిచాడు, కాని అడగడు. ఒక సమస్య వేస్తాడు. తమ్ముణ్ణి కాపాడటానికి ఇంకో దారే లేదనుకుందాం, అలాంటి అధికారి ఒకడు నిన్ను కోరాడనుకుందాం, అప్పుడు నువ్వేం చేస్తావు? ఈ మాటల మధ్య, ఇది కేవలం వాదన కోసమేనని, తాను దీన్ని ఒప్పుకుంటున్నట్టు కాదని కూడా అంటాడు. ఆ రూపం అతనికి కవచం: ఎప్పుడైనా వెనక్కు తీసుకోవచ్చు, అడిగినట్టు సాక్ష్యం ఉండదు. ఇజబెల్లా కూడా ‘వర్’తోనే జవాబిస్తుంది. తనకే మరణశిక్ష పడి ఉంటే కొరడా దెబ్బలను ఆభరణాలుగా ధరించేదాన్నని, ఆ అవమానానికి మాత్రం ఒళ్లప్పగించేదాన్ని కాదని అంటుంది. ఊహలో ఆమె చెప్పిన జవాబు అర్థం కానట్టు నటిస్తూ అతను మళ్లీ మళ్లీ చుట్టుతిరుగుతాడు. చివరికి నిశ్చయార్థకంలోకి రాక తప్పలేదు: ప్రేమిస్తున్నానని సూటిగా చెబుతాడు. వెంటనే ఆమె లోకానికి చెబుతానని బెదిరిస్తుంది; ఎవరు నమ్ముతారని అతను అడుగుతాడు. అధికారంలో ఉన్నవాడు ఊహ మాటున అడిగి, నిజం మాట మీద నిలబడకుండా తప్పించుకునే తీరు నాలుగు వందల ఏళ్ల తర్వాత కూడా చదివేవారి ఒళ్లు మండిస్తుంది.

‘మాక్‌బెత్’ మొదటి అంకం చివర్లోని స్వగతంలో నాయకుడు తాను చేయబోయే హత్యను మొదట పేరుపెట్టి పిలవడు. ‘ఇట్’ అంటాడు, దానికి ‘వర్’ చేరుస్తాడు. చేస్తే చాలు, అంతటితో ముగిసిపోతుందంటే చేసెయ్యవచ్చు అనే తర్కం అది. ముగిసిపోదని అతనికి తెలుసన్న సంగతిని ఆ ‘వర్’ ముందుగానే ఒప్పుకుంటుంది. ఇదే నాటకం అయిదో అంకంలో భార్య మరణవార్త విన్నప్పుడు అతను వాడే ‘షుడ్’ మీద వ్యాఖ్యాతలకు ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు. ఎప్పుడో ఒకప్పుడు ఎలాగూ చనిపోయేదే అని ఒక అర్థం. ఇప్పుడు కాదు, తీరిక దొరికాక చనిపోయి ఉండవలసింది అని మరో అర్థం. మొదటిది రాయిగా మారిన మనసు, రెండోది ఏడవడానికి వేళ లేని మనసు. నటుడు ఏదో ఒకదాన్ని ఎంచుకోవాలి. పాఠకుడికి ఆ ఒత్తిడి లేదు. రెండు అర్థాలనూ ఒకేసారి మనసులో ఉంచుకోవచ్చు.

కవితలో మలుపు

ఆంగ్ల భావకవిత సంభావనార్థకాన్ని తన నిర్మాణంలోకే తీసుకుంది. ఆండ్రూ మార్వెల్ మరణించిన మూడేళ్లకు, 1681లో అచ్చయిన ‘టు హిజ్ కాయ్ మిస్ట్రెస్’ దీనికి అందరూ చూపే ఉదాహరణ. 46 పంక్తుల ఈ కవిత మూడు భాగాలుగా నడుస్తుంది. మొదటి 20 పంక్తులు ‘హాడ్’తో మొదలై ‘వర్’, ‘వుడ్’, ‘షుడ్’లలో సాగుతాయి: లోకం, కాలం మనకు కావలసినంత ఉంటే ఆమె గంగ ఒడ్డున కెంపులు ఏరుకుంటూ ఉండేది, అతను ఇంగ్లండులో హంబర్ ఒడ్డున విరహపడుతూ ఉండేవాడు; కళ్లను పొగడటానికి నూరేళ్లు, మిగతా దేహానికి ముప్పై వేల ఏళ్లు. లెక్కలు పెరుగుతున్నకొద్దీ ఆ కాలం తమకు లేదన్న సంగతీ పెరుగుతూ ఉంటుంది. 21వ పంక్తి ‘బట్’తో మొదలై వర్తమాన నిశ్చయార్థకంలోకి మారుతుంది. వెనకనుంచి కాలం తరుముకొస్తున్న చప్పుడు ‘వింటున్నాను’ అంటాడు. మూడో భాగం ఇప్పుడే, ఇక్కడే అన్న ప్రేరణ. ఊహ, వాస్తవం, పిలుపు అనే మూడు మెట్లు మూడు అర్థకాలకు సరిగ్గా సరిపోయాయి. రెండో భాగంలోని సమాధి, పురుగుల వర్ణన అంత కఠినంగా తగలడానికి కారణం అంతకు ముందు 20 పంక్తుల పాటు మెత్తని ‘వుడ్’లకు చెవి అలవాటు పడటమే.

క్రిస్టఫర్ మార్లో గొర్రెల కాపరి కవితకు వాల్టర్ ర్యాలీ రాసిన జవాబులో వ్యాకరణమే వాదన. కాపరి ఆహ్వానం విధ్యర్థకంలో, భవిష్యత్తులో నడుస్తుంది. కన్య జవాబు అదే లయలో, అవే వస్తువుల మీదుగా నడుస్తూ మొదట్లోనూ చివరలోనూ ఒక షరతు పెడుతుంది. లోకానికి, ప్రేమకు యౌవనం శాశ్వతమై ఉంటే వచ్చేదాన్ని అన్నది దాని సారం. ఖండించడానికి ఆమెకు వేరే తర్కం అవసరం లేకపోయింది.

రొమాంటిక్ కవులు ఇదే పరికరంతో కవి శక్తిని కొలిచారు. కోల్‌రిడ్జ్ 1816లో ప్రచురించిన ‘కుబ్లా ఖాన్’లో రాజు ఆజ్ఞాపించాడు, భవనం లేచింది, అంతా నిశ్చయార్థకం. కవి తన గురించి చెప్పుకునే చివరి భాగంలో మాత్రం ‘కుడ్’ ముందుకు వస్తుంది. ఒకసారి కలలో విన్న పాటను తనలో మళ్లీ బతికించుకోగలిగితే ఆ భవనాన్ని గాలిలోనే కట్టేవాణ్ణని, చూసినవారు హడలిపోయేవారని అంటాడు. కవిత ఆ షరతులోనే ముగుస్తుంది, తిరిగి నిశ్చయంలోకి రాదు. మధ్యలో ఎవరో వచ్చి అడ్డుపడటం వల్ల కవిత అసంపూర్ణమైందని కోల్‌రిడ్జ్ ముందుమాటలో రాసుకున్నాడు. కాని చివరి భాగం క్రియలను చూస్తే ఆ అసంపూర్ణత బయటి అతిథి వల్ల వచ్చినది కాదనిపిస్తుంది. కవితే దాన్ని కోరుకుంది.

షెల్లీ 1819లో ఫ్లారెన్స్‌లో రాసిన ‘ఓడ్ టు ద వెస్ట్ విండ్’ నాలుగో భాగం ‘ఇఫ్ ఐ వర్’ ధోరణిలో మూడు కోరికలు కోరుతుంది: ఎండుటాకునై ఉంటే, మేఘాన్నై ఉంటే, కెరటాన్నై ఉంటే. మొదటి మూడు భాగాల్లో గాలి నిజంగా మోసుకుపోయినవి ఆ మూడే. అయిదో భాగంలో కవి కోరికను వదిలి గాలిని శాసిస్తాడు. చివరి ప్రశ్నలోని షరతు మాత్రం ‘వర్’తో కాక వర్తమానంలో ఉంటుంది. ‘కమ్స్’ అనే ఆ మామూలు క్రియతో, మూసుకుపోయిన ఊహ జరగగల సంగతిగా తెరుచుకుంటుంది.

సంభావనార్థకం ఎంత దూరం పోగలదో తెలియాలంటే కీట్స్ 1819 చివర్లో మరో కవిత రాతప్రతి మీద రాసి వదిలేసిన ఎనిమిది పంక్తుల ముక్కను చూడాలి. అది 1898 దాకా అచ్చుకాలేదు. ఇప్పుడు వెచ్చగా ఉన్న ఈ చెయ్యి, ఒకవేళ చల్లబడి సమాధిలో ఉంటే, నీ పగళ్లను వేధించి, నీ రాత్రులను వణికించి, నీ గుండెలోని రక్తమంతా నాకిచ్చేసి నన్ను బతికించాలని నువ్వే కోరుకునేటంతగా చేసేదని ఆ వాక్యం సాగుతుంది. ఏడు పంక్తులు ‘వుడ్’, ‘వర్’, ‘మైట్’, ‘బి’ల మీదుగా ఒకే వాక్యంగా మెలికలు తిరుగుతాయి. హఠాత్తుగా వాక్యం తెగి, ఇదిగో చూడు అని చెయ్యి వర్తమాన నిశ్చయార్థకంలో ముందుకొస్తుంది. అంతవరకు ‘దౌ’ అని పిలిచిన మనిషిని ఇప్పుడు ‘యు’ అంటాడు. కీట్స్ 1821 ఫిబ్రవరిలో రోములో మరణించాడు. అంటే అచ్చులో ఈ పంక్తులు చదివిన మొదటి పాఠకుడికే ఆ ‘వర్’ నిజమైపోయింది: చెయ్యి చల్లబడింది, సమాధిలో ఉంది. రాసిన రోజు ఊహగా ఉన్నది వాస్తవమైంది, వాస్తవంగా ఉన్న వెచ్చదనం ఊహ అయింది. అయినా చివరి మాట ‘ఇక్కడ ఉంది’ అంటూనే ఉంటుంది. ఇది భాషలో తప్ప మరెక్కడా జరగలేని సంగతి. చిత్రకారుడు చేతిని గీయగలడు, ‘ఉంటే’ను గీయలేడు.

యేట్స్ 1899లో ప్రచురించిన ఎనిమిది పంక్తుల ప్రేమకవిత, స్వర్గపు పట్టుబట్టలను కోరేది, ఇంతకన్నా నెమ్మదిగా ఇదే మలుపు తిరుగుతుంది. ఒకే క్రియ మొదట ‘పరిచేవాణ్ణి’ అనే అర్థంలో ‘వుడ్’తో వచ్చి, తర్వాత ‘పరిచాను’ అనే అర్థంలో ‘హావ్’తో వస్తుంది, వస్త్రాల బదులు పరిచినవి కలలు. థామస్ హార్డీ సానెట్ ‘హ్యాప్’ మొదటి ఎనిమిది పంక్తుల్లో, పగబట్టిన దేవుడైనా ఉండి ఉంటే తన బాధకు ఒక కారణం దొరికేదని ఊహిస్తుంది. ఆ దేవుడూ లేడన్న ఖండనతో మిగిలిన ఆరు పంక్తులు మొదలవుతాయి. క్రూరుడైన దేవుడు కూడా ఊహలోనే ఓదార్పు. ఇంత నిరాశను చెప్పడానికి మరో క్రియారూపం సరిపోయేది కాదు.

షరతులన్నీ సంభావనార్థకాలు కావని గుర్తుంచుకోవడానికి కిప్లింగ్ 1910 నాటి ‘ఇఫ్’ పనికొస్తుంది. 32 పంక్తుల ఆ ఒకే వాక్యం నిండా ‘ఇఫ్’లే, కాని అన్నీ ‘కెన్’తో, వర్తమానంతో నడిచే తెరిచిన షరతులు. నువ్వు చేయగలవు, చేస్తే ఇది నీదవుతుందన్న నమ్మకం ఆ వ్యాకరణంలోనే ఉంది. దాన్ని ‘వర్’, ‘వుడ్’లలోకి మార్చి చూస్తే ప్రోత్సాహమంతా పశ్చాత్తాపంగా మారిపోతుంది.

అమెరికన్ కవుల్లో ఎమిలీ డికిన్సన్ ప్రత్యేకంగా చెప్పుకోదగినవారు. ఆమె ప్రత్యయాలు లేని మూలక్రియలను నిశ్చయార్థకం ఆశించే చోట కూడా వాడారు. వాటిలో ఎన్ని నిజమైన సంభావనార్థకాలు, ఎన్ని కాలాతీతంగా ఉంచాలని చేసిన ప్రయోగాలు అన్నది తేలని చర్చ. క్రిస్టాన్ మిల్లర్ 1987 నాటి పుస్తకం దీన్ని వివరంగా పరిశీలించింది. వాలెస్ స్టీవెన్స్ ‘యాజ్ ఇఫ్’, ‘మే’, ‘మైట్’ల మీద ఆధారపడి ఏ నిర్ధారణనూ పూర్తిగా మూయకుండా రాసే తీరును హెలెన్ వెండ్లర్ 1969లో విశ్లేషించారు.

నవలలో జరగని జీవితాలు

నవల ప్రధానంగా భూతకాల నిశ్చయార్థకంలో నడిచే రూపం. అందువల్ల సంభావనార్థకం వాక్యం నుంచి కథా నిర్మాణంలోకి తరలింది. డికెన్స్ 1843 నాటి ‘ఎ క్రిస్మస్ కేరల్’లో ఈ తరలింపు స్పష్టంగా కనిపిస్తుంది. తన సమాధి ముందు నిలబడ్డ స్క్రూజ్ చివరి భూతాన్ని ఒకే ప్రశ్న వేస్తాడు: ఇవి జరగబోయేవాటి నీడలా, జరగవచ్చునన్న వాటి నీడలా? ‘విల్’కూ ‘మే’కూ మధ్య ఎంత దూరముందో అంతే దూరం అతని విముక్తికీ శిక్షకూ మధ్య ఉంది. భూతం జవాబు చెప్పదు. మర్నాటి ఉదయం నుంచి స్క్రూజ్ బతికిన తీరే జవాబు.

హెన్రీ జేమ్స్ 1908లో ప్రచురించిన ‘ద జాలీ కార్నర్’లో స్పెన్సర్ బ్రైడన్ ముప్పై మూడేళ్ల తర్వాత యూరప్ నుంచి న్యూయార్క్ తిరిగొస్తాడు. ఇక్కడే ఉండిపోయి ఉంటే ఎవరయ్యేవాణ్ణి అన్న ప్రశ్న అతన్ని పట్టుకుంటుంది. ఖాళీగా ఉన్న పాత ఇంట్లో రాత్రిళ్లు తిరుగుతూ ఆ కాని మనిషి కోసం వెతుకుతాడు, చివరికి ఎదుర్కొంటాడు. ఆ రూపం చేతికి రెండు వేళ్లు ఉండవు. ‘వుడ్ హావ్ బీన్’ అన్న క్రియకు ఇంత కచ్చితమైన శరీరం, గాయంతో సహా, మరే రచయితా ఇవ్వలేదు.

వర్జీనియా వుల్ఫ్ ‘టు ద లైట్‌హౌస్’ (1927) రేపు వాతావరణం బాగుంటే వెళ్దామన్న తల్లి మాటతో మొదలవుతుంది. అది తెరిచిన షరతు. ఆరేళ్ల కొడుకు దాన్ని మాట ఇచ్చినట్టే విని పొంగిపోతాడు. బాగుండదని తండ్రి నిశ్చయంగా తేల్చేస్తాడు. ఆ కుటుంబంలో ఇద్దరి స్వభావాలను ఈ రెండు క్రియలు అప్పటికే పంచేసుకున్నాయి. ప్రయాణం పదేళ్ల తర్వాత గాని జరగదు. అప్పటికి తల్లి ఉండదు.

విలియమ్ ఫాక్నర్ ‘అబ్సలమ్, అబ్సలమ్!’ (1936) మరో దారి తొక్కింది. 1910 చలికాలపు రాత్రి హార్వర్డ్ గదిలో క్వెంటిన్, శ్రీవ్ అనే ఇద్దరు విద్యార్థులు, అమెరికా అంతర్యుద్ధం ముగిసే రోజుల్లో జరిగిన ఒక హత్యకు కారణాలు ఊహిస్తారు. మొదట్లో ‘బహుశా’, ‘అయి ఉండాలి’, ‘అయి ఉండేది’ అన్న మాటలు అడుగడుగునా వస్తాయి. క్రమంగా అవి జారిపోతాయి, ఊహించిన సంభాషణలు జరిగినట్టే వినబడతాయి. ఏ పేజీలో గీత దాటారో పాఠకుడు గుర్తించలేడు. దక్షిణాది చరిత్ర అంతా ఇలాగే తయారైందన్న ఆరోపణ ఆ వ్యాకరణంలోనే ఉంది.

ఇయన్ మెక్యూయన్ ‘అటోన్‌మెంట్’ (2001) దీన్ని తిరగేసింది. బ్రయొనీ చిన్నతనంలో చెప్పిన అబద్ధపు సాక్ష్యం వల్ల విడిపోయిన రాబీ, సిసీలియా మళ్లీ కలుసుకున్నట్టు నవల నిశ్చయార్థకంలో చెబుతుంది. 1999 నాటి చివరి భాగంలో, ముసలి రచయిత్రిగా మారిన బ్రయొనీ, వాళ్లిద్దరూ 1940లోనే చనిపోయారని, ఆ కలయిక తాను రాసిందని ఒప్పుకుంటుంది. చదివిన పేజీల క్రియలన్నీ ఒక్కసారిగా ‘కలిసి ఉంటే’గా మారిపోతాయి, ఒక్క అక్షరం కూడా మారకుండానే.

ఫిలిప్ కె. డిక్ ‘ద మ్యాన్ ఇన్ ద హై కాసిల్’ (1962), ఫిలిప్ రాత్ ‘ద ప్లాట్ ఎగెనెస్ట్ అమెరికా’ (2004) వంటి ప్రత్యామ్నాయ చరిత్ర నవలలు ఒక దేశం మొత్తాన్నీ ఇలాంటి షరతులో పెడతాయి. డిక్ నవలలో జర్మనీ, జపాన్ రెండో ప్రపంచ యుద్ధం గెలిచాయి. ఆ లోకంలో ఒక రచయిత, అవి ఓడిపోయి ఉంటే ఎలా ఉండేదన్న నవల రాశాడు.

విమర్శలో సంభావన

కవి ఏదీ నిజమని ప్రకటించడు కాబట్టి అబద్ధమాడడని ఫిలిప్ సిడ్నీ వాదించాడు. ఆ వాదన ఉన్న గ్రంథం 1595లో అచ్చయింది. సాహిత్యమంతా ఒక విధమైన సంభావనార్థకమన్న ఆలోచనకు ఇంగ్లిషులో ఇదే మూలం. మనస్తత్వవేత్త జెరోమ్ బ్రూనర్ 1986లో దాన్ని పరీక్షకు పెట్టాడు. జేమ్స్ జాయిస్ కథ ‘క్లే’ చదివి తిరిగి చెప్పిన పాఠకుల మాటల్లో, నిశ్చయాన్ని మెత్తబరిచే క్రియలు ఎలా నిలిచాయో చూసి, కథ అర్థాన్ని సంభావనలోకి మారుస్తుందని అన్నాడు. జెరాల్డ్ ప్రిన్స్ 1988లో, జరగలేదని చెబుతూనే కథ ప్రస్తావించే సంఘటనలకు వేరే పేరు పెట్టి వాటిని కథనశాస్త్రంలో చేర్చాడు. బతకని జీవితాల ఊహ ఆధునిక కవితలో, నవలలో ఎలా పెరిగిందో ఆండ్రూ మిల్లర్ 2020 నాటి పుస్తకంలో చర్చించాడు. బ్రూనర్ వాడిన విస్తృతార్థానికి ఒక చిక్కుంది. కథ అంతా సంభావనే అయితే ఏంజెలో ‘అనుకుందాం’ నుంచి ‘ప్రేమిస్తున్నాను’కు దాటిన క్షణాన్ని వివరించడానికి పదం మిగలదు. వ్యాకరణ రూపాన్ని గట్టిగా పట్టుకున్న విమర్శే అక్కడ ఎక్కువ చూడగలుగుతుంది.

నేటి స్థితి

ఫౌలర్ 1926 నాటి వాడుక నిఘంటువులో ఈ రూపం కొన్ని చోట్ల మినహా చావుకు దగ్గరైందని రాశాడు. ఆజ్ఞల తర్వాత వచ్చే మూలక్రియ విషయంలో అది పూర్తిగా నిజం కాలేదు; 20వ శతాబ్దంలో అమెరికన్ ఇంగ్లిషులో ఆ వాడుక బలపడి, తర్వాత బ్రిటిష్ ఇంగ్లిషులోకీ కొంత తిరిగొచ్చింది. ‘వర్’ మాత్రం మాటల్లో ‘వాజ్’కు చోటిస్తోంది. రచయితలకు ఇది కొత్త వెసులుబాటు అయింది. ఒకే షరతును ‘వర్’తో చెప్పే పాత్రకు చదువు, హోదా, కాస్త దూరం వస్తాయి, ‘వాజ్’తో చెప్పే పాత్ర మామూలు మనిషిగా పక్కన నిలబడుతుంది. కథకుడి వాక్యంలో ‘వర్’, అదే పేజీలో పాత్ర నోట ‘వాజ్’ కనిపిస్తే అది అచ్చుతప్పు కాదు. ఎవరి గొంతు ఎక్కడ ఆగి ఎవరిది మొదలైందో రచయిత అలా గుర్తుపెట్టి ఉంటాడు.